కాఫీ మరలు మార్చిన ఏడాది

తొంభైల చివర్లో మేం కొత్తపేటలో ఉండేవాళ్ళం. మా ఆయన హైస్కూలు మాస్టారు. కాఫీ విషయంలో మాత్రం నన్ను కూడా నమ్మేవారు కాదు. వంటింటి బల్లకు బిగించిన చేతిమరలో రోజూ గింజలు ఆయనే పట్టేవారు. ఫిల్టర్‌కైతే సన్నరవ్వలా ఉండాలనీ, మరిగించి గుడ్డలో వడకట్టే కాఫీకి మెత్తగా ఉన్నా పరవాలేదనీ నాకు చెప్పింది ఆయనే.

ఒక వానాకాలం సాయంత్రం కాలవగట్టు మీద స్కూటర్ జారి పడ్డారు. తల వెనక గట్టి దెబ్బ తగిలింది. కాకినాడ ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి పంపించారు. ప్రాణంతో ఇంటికొచ్చారు, అంతే చాలనుకుని కాఫీ కలిపిచ్చాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు.

"పొడి పాతదా?"

"ఇప్పుడే పట్టేనండీ."

"అయితే మర అరిగిపోయినట్టుంది. గింజ నలగడంలేదు."

నేనూ నమ్మాను. మర్నాటి నుంచి మిక్సీలో వేశాను. పొడి పిండిలా అయిపోయి ఫిల్టర్ చిల్లులు మూసుకుపోయాయి. డికాషన్ బొట్టు దిగలేదు. అదే పొడి మరిగించి వడకట్టి ఇచ్చాను. "మిక్సీ వేడికి సారమంతా పోయింది" అన్నారు. ఇలా కాదని, కరెంటు మర కొందామని రాజమండ్రి బయల్దేరాం.

ఆ కొట్లో గింజలు వేయించి అమ్ముతారు, మరలూ అమ్ముతారు. వీధి మలుపులోనే కమ్మటి వాసన మొహానికి తగిలింది. "వచ్చేశామండీ" అన్నాను. ఆయన మాత్రం బోర్డులు చదువుకుంటూ కొట్టు దాటి వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచాను.

"ఇంట్లో ఎలా కాస్తారండీ?" అని అడిగాడు కొట్టతను.

"ఫిల్టరండీ."

"అయితే బ్లేడుది వద్దండి. పళ్ళున్నది తీసుకోండి, పొడి ఒక్కలా పడుద్ది. మీకు కావలసినట్టు తిప్పుకోవచ్చు." గుప్పెడు గింజలు పట్టి, కాగితంలో పోసి ఆయన ముందు పెట్టాడు. "చూడండి మాస్టారూ, ఎలా గుమాయిస్తోందో!"

ఆయన కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చారు. మళ్ళీ పీల్చారు. పొడి ముక్కుకంటింది.

"ఆయ్, బావుందండీ" అన్నారు.

ఆ మాటంటూ నావైపు చూశారు. మర కొన్నాం. తిరుగు బస్సులో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. రావులపాలెం దాటాక నెమ్మదిగా అన్నారు, "ఏ వాసనా తెలియడంలేదే. ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ. కాఫీ వేడినీళ్ళలా ఉంటోంది. మరదే తప్పేమోనని..."

దెబ్బకు ముక్కు నరాలు తెగి ఉంటాయనీ, ఇన్నాళ్ళకీ వాసన తెలియకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరుగారు చెప్పారు. పెద్ద జబ్బేం కాదన్నట్టే చెప్పారు. చూసిన వాళ్ళూ అంతే, "వాసనే కదండీ, ప్రాణం దక్కింది" అనేవారు. ఆయన తలూపేవారు.

కొత్త మర కొన్నాళ్ళు నడిచింది. ఒకరోజు సన్నగా, ఒకరోజు బరకగా తిప్పి చూసేవారు. ఆ తర్వాత ముట్టుకోలేదు. ఓసారి పొయ్యి పక్కనే పేపరు చదువుకుంటూ, పాలు మాడి గిన్నె నల్లబడి పొగ కళ్ళకు తగిలేదాకా కదల్లేదు. నన్ను చూసి పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఎదురుగా తాగలేక నేనూ కాఫీ మానేశాను. పప్పయినా పులుసయినా కలిపింది మింగి లేచేవారు. ఎప్పుడూ ఒక్క వంక పెట్టలేదు. వంక పెడితే బాగుండునని నాకుండేది.

మా అమ్మాయి పురిటికి వచ్చింది. పాపకు నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆయన చేతుల్లో పెట్టాను. పాప మాడు మీద ముక్కు ఆనించి చాలాసేపు ఉన్నారు. కళ్ళు మూసుకుని పీలుస్తూనే ఉన్నారు.

"తీసుకో" అని పాపను నాకిచ్చి, అరుగు మీదకు వెళ్ళి కూర్చున్నారు. మళ్ళీ ఎత్తుకోమని నేను అడగలేదు. ఆయనా అడగలేదు.