అక్క కథకు ఉపవాస ప్రార్థన

మొన్న ఆదివారం వరంగల్‌లో మా చర్చికి వెళ్తే వేదిక మీద రెండు ఎలక్ట్రిక్ గిటార్లు, ఒక డ్రమ్స్ సెట్టు. కుర్రకారు రాక్ పద్ధతిలో కీర్తన అందుకోగానే బెంచీలు అదిరాయి. ముందు వరుసలో మా సంఘ పెద్ద, ఎనభై దాటిన మనిషి, తల ఊపుతూ చప్పట్లు కొడుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. పాటకు కాదు, ఆయన చప్పట్లకు.

చాలా ఏళ్ల కిందటి మాట. మా అక్కకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. చర్చిలో గిటార్ వాయించేది, ఇంట్లో పొయ్యి మీద పప్పు మాడుతున్నా పట్టించుకోకుండా కథలు రాసేది. ఒక కథలో నెక్కొండ స్టేషన్లో ఓ అమ్మాయి గిటార్ పట్టుకుని రాక్ పాట మొదలుపెడుతుంది. ఆ పాట రైలెక్కి ఊరూరా పాకుతుంది, చివరికి సరిహద్దుల్లో సిపాయిలు తుపాకులు కింద పెట్టి గొంతు కలుపుతారు. యుద్ధాలు ఆగిపోతాయి. ఆ కథ విని నేను మూడు రోజులు నిజంగానే లోకం మారిపోతుందని ఎదురుచూశాను. అక్క దాన్ని చర్చిలో యువజన కూటంలో చదివింది. చిక్కల్లా కథంతా ‘నేను’ అని రాయడమే. మా దగ్గర మైకు ముందు ఎవరైనా ‘నేను’ అన్నారంటే అది సాక్ష్యమే. చేసిన పాపం ఒప్పుకుని, దేవుడు తనను ఎలా మార్చాడో చెప్పాలి. అందరూ ఆ మారుమనసు ఎప్పుడొస్తుందా అని చివరిదాకా చూశారు. రాలేదు.

“ఎన్నొద్దుల సంది టేషన్ల పాడుతాన్నవ్ బిడ్డా?” అన్నాడు సంఘ పెద్ద, ఎంతో జాలిగా.

“అది కథ, పెద్దనాయినా. నేను కల్పించిన.”

“కల్పించుడంటే అబద్ధమే గద!”

ఆ ఒక్క మాటతో అక్క కోసం మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలు పెట్టారు. గిటార్‌ను బీరువాలో పెట్టి తాళం వేశారు. కాగితం మీద యుద్ధాలు ఆపిన పిల్లను మోకాళ్ల మీద నిలబెట్టి క్షమాపణ అడిగించారు. అన్యాయం! ఇప్పటికీ అంటాను, పచ్చి అన్యాయం. ఆ రోజు మాత్రం అనలేదు. ఉపవాసం విడిచాక పెట్టే ఉప్మా మీద ధ్యాసతో, అందరికంటే గట్టిగా నేనే ఆమెన్ అన్నాను. అక్క మళ్లీ కథ రాయలేదు.

ఆదివారం చర్చి గుమ్మంలోంచే ఆమెకు ఫోన్ చేశాను.

“అక్కా, ఇక్కడ రాక్ వాయిస్తాండ్రు. పెద్దనాయిన ముంగటనే కూసున్నడు.”

 “జర ఫోన్ గట్లనే వట్టుకో,” అంది అక్క. పాట అయ్యేదాకా పట్టుకునే నిలబడ్డాను. కాలం మారింది, కాదనను. అది మారేలోపు మా అక్క రాయకుండా ఉండిపోయిన కథలన్నీ ఇప్పుడెవరు రాస్తారు?