ఎడమచేతి గులాబీలు

ఆ బేకరీ వెనక గదిలో, కిటికీ పక్క ఎత్తుపీట పన్నెండేళ్లుగా ఒక్క మనిషిదే. ఆమెను అందరూ పూలక్క అనేవారు. కేకుల మీద క్రీమ్ గులాబీలు ఆమె చేస్తేనే చేసినట్టు. చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తోందని బడిలో వేళ్ల మీద బద్దతో కొట్టారు. కొట్టి కొట్టి టీచరు అలిసిపోయింది గాని ఆ చెయ్యి మారలేదు. తల్లి పోయాక ఆ చెయ్యే ఇల్లు నడిపింది.

చెల్లెల్ని తొమ్మిదో తరగతిలో మాన్పించి తన వెంట తెచ్చుకుంది అక్క. ఆ పిల్ల అడుగుల చప్పుడు ఎవరికీ వినపడదు, మాట అంతకన్నా వినపడదు. బట్టీ దగ్గర బ్రెడ్డు కాల్చే ముసలాయన ఆమెకు పిల్లి అని పేరు పెట్టాడు. ఆయన్ని ఆ పిల్ల మామయ్యా అని పిలిచేది.

గులాబీ చెయ్యడం చూసినంత తేలిక కాదు. ఒక చేతిలో పొడుగాటి మేకు, దాని నెత్తిన గుండ్రటి బిళ్ళ. రెండో చేతిలో క్రీమ్ సంచి. బిళ్ళ మధ్యలో ముందు మొగ్గ నిలబెట్టాలి. దాని చుట్టూ మూడు రేకులు, వాటి చుట్టూ ఐదు, ఆపైన ఏడు. ఒక చెయ్యి మేకును తిప్పుతుంటే రెండోది సంచి నొక్కుతూ పోవాలి. క్రీమ్ మెత్తబడితే పువ్వు వాలిపోతుంది, గట్టిపడితే అంచు పగులుతుంది. మొదటి నెల చెల్లెలి చేతిలో పుట్టినవన్నీ క్యాబేజీలే.

“ఏమే పిల్లీ, ఇవాళ కూరకి ఇవి చాలంటావా?” అనేవాడు బట్టీ మామయ్య.

అక్కకు ఎదురుగా కూర్చుని, అక్క చేతుల్ని కళ్లప్పగించి చూసేది చెల్లెలు. అద్దంలో చూసుకున్నట్టు, అక్క ఎడమచెయ్యి చేసేది తన కుడిచేత్తో చేసేది. ఆరు నెలలకు క్యాబేజీలు గులాబీలయ్యాయి. అక్క పొంగిపోయి ఇద్దరి పువ్వులూ కలిపి ఒకే కేకు మీద పేర్చింది.

యజమానురాలు కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. “ఇదేంటమ్మా? సగం ఇటు తిరిగాయి, సగం అటు. మాటల్లేని తోడికోడళ్లని పక్కపక్కన కూర్చోబెట్టినట్టుంది!”

నిజమే. అక్క రేకులు ఒకవైపు ఒదిగితే, చెల్లెలి రేకులు దానికి ఎదురువైపు ఒదిగాయి. ఆ రోజు నుంచి గులాబీలు అక్కవి, ఆకులూ అంచులూ చెల్లెలివి. ఇద్దరికీ అందులో బాధేం లేకపోయింది.

బాధ తర్వాత వచ్చింది. పన్నెండేళ్లు సంచి నొక్కిన చేతికి ముందు వేలికొసలు తిమ్మిరెక్కాయి, తర్వాత అరచెయ్యి. ఎంత నొక్కుతోందో అక్కకే తెలిసేది కాదు. పువ్వు మధ్యలో క్రీమ్ ముద్దగా ఉబికేది. నరం నలిగిపోయిందన్నాడు డాక్టరు. ఈ పని మానకపోతే రేపు గ్లాసు కూడా పట్టుకోలేవన్నాడు.

“ఆయనదేం పోయింది, చెప్తాడు,” అంది అక్క ఇంటికొచ్చే దారిలో. “పువ్వు లేకపోతే నన్ను పూలక్కా అని ఎవరు పిలుస్తారే? బేకరీ అమ్మగారి చెవిన వేశావో, నీ కాళ్లు విరగ్గొడతా.”

చెల్లెలు ఎవరి చెవినా వెయ్యలేదు. మర్నాటి నుంచి అక్క ఎదురుగా కూర్చోవడం మానేసి పక్కన కూర్చుంది. ఇంట్లో మైదా క్రీమంత చిక్కగా కలిపి, సంచిలో నింపి, ఎడమచేత్తో మొదలుపెట్టింది. ఆ చెయ్యి పరాయి పిల్లలా మొండికేసింది. ఒక్కోసారి ఏడుపొచ్చేది. నలభై రోజులకు దారికొచ్చింది. అక్క అంతా చూస్తూనే ఉంది. ఒక పొద్దున తన సంచిని చెల్లెలి వైపు జరిపింది.

యజమానురాలు వచ్చేసరికి పువ్వుల పళ్లెం ఫ్రిజ్‌లో ఉండేది, అక్క మేకు పట్టుకుని పీట మీద ఉండేది. చెప్పుల చప్పుడు వినగానే బట్టీ మామయ్య గట్టిగా దగ్గేవాడు.

“ఆ దగ్గేంటయ్యా, సరిగ్గా నేనొచ్చే వేళకే పట్టుకొస్తుంది?”

“మీరంటే భక్తి అమ్మగారూ.”

అలా మూడు నెలలు గడిచాయి. పెళ్లి కేకొకటి వచ్చింది, మూడంతస్తులది, నూట ఇరవై గులాబీలతో. అది పూర్తయిన రోజు యజమానురాలు అందర్నీ పిలిచి చూపించింది.

“పన్నెండేళ్లుగా నీ పువ్వులు చూస్తున్నానమ్మా. ఇంత ప్రాణం ఎప్పుడూ లేదు. నీ చెయ్యి ఇప్పటికి పండింది,” అంది అక్క భుజం తట్టి.

సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న చెల్లెలు గండం గడిచిందనుకుంది. అక్క నవ్వింది. ఆ నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. అందరూ ఎవరి పనికి వాళ్లు మళ్లబోతుంటే నడుముకున్న ఏప్రాన్ విప్పడం మొదలుపెట్టింది. వేళ్లకు ముడి చిక్కలేదు. తల మీదుగా లాగేసింది.

“అవి నావి కావు అమ్మగారూ. మూడు నెలలుగా నావి కావు. మా చెల్లెలివి. నావైతే… ఇంత బాగుండవు.”

బట్టీ మామయ్య అలవాటు కొద్దీ దగ్గాడు.

యజమానురాలు చెడ్డది కాదు. తిట్టలేదు, తీసెయ్యలేదు. అక్కను ముందు గదిలో కేకు డబ్బాలకు మూతలేసి, చీటీలు అంటించే చోట కూర్చోబెట్టింది. “ఇంక ఎడమచేత్తో తిప్పలెందుకు? నీ వాటం చేత్తోనే చెయ్యి, తొందరగా అవుతుంది,” అంది చెల్లెలితో. తొందరగానే అయింది. ఆ వారం చివరికి అద్దాల బీరువాలో గులాబీలన్నీ అటు నుంచి ఇటు తిరిగాయి. కొనడానికొచ్చిన వాళ్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. అక్క మాత్రం ప్రతి డబ్బా మూత వేసేముందు కాసేపు లోపలికి చూసేది.

ఒక సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికి బయల్దేరారు.

“నేను నేర్చుకోకుండా ఉండాల్సిందక్కా,” అంది చెల్లెలు. ఆ రోజంతటికీ అదే ఆమె మొదటి మాట.

“నోర్ముయ్. చివరి వరుస రేకులు మరీ విప్పేస్తున్నావు. అంచు కాస్త లోపలికి తిప్పు.”

“సరే.”

రోడ్డు రద్దీగా ఉంది. చెల్లెలు అక్క ఎడమచెయ్యి పట్టుకుని దాటించింది. అవతలికి చేరాక కూడా వదల్లేదు. మలుపు దాకా నడిచాక అక్క ఎందుకో కిందికి చూసి ఆగింది.

“ఎప్పుడు పట్టుకున్నావే?”

“ఇప్పుడే,” అంది చెల్లెలు.