రెండు వందల పద్నాలుగో నంబరు తలుపు

సారవ్వను మీ అడ్రసేమిటని అడిగితే కోపం వచ్చేది. "సారవ్వ ఇల్లేదంటే ఎవలన్న చెప్తరు" అనేది. అది నిజమే. గోదావరిఖనిలో గని గుట్ట వెనకున్న గుడిసెల బస్తీలో ఆమె నోటికి జంకనివాళ్లు లేరు. చిక్కల్లా ఆ సంగతి మలేసియా సర్కారుకు తెలియకపోవడమే.

నా పేరు రాజం. గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పని చేసేవాణ్ణి. నాలుగు ముక్కలు రాయడం వచ్చిన పాపానికి బస్తీ ఉత్తరాలన్నీ నా నెత్తిన పడేవి. వాటిలో సారవ్వవి మరీ కష్టం. చెప్పింది చెప్పినట్టు రాయాలి, రాసింది చదివి వినిపించాలి, విన్నాక "గిట్ల నేనన్ననా?" అని నా మీదే ఎగిరేది.

ఉత్తరాలన్నీ ఒక్క మనిషికే. అక్క లింగవ్వకు. తల్లి చిన్నప్పుడే పోతే సారవ్వను చంకనేసుకుని పెంచింది ఆ అక్కే. గోదావరి మీద రైలు వంతెన కట్టేటప్పుడు కోస్తా నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ ఒకాయన లింగవ్వను పెళ్లాడి, పని ముగిశాక మలయా, అంటే ఇప్పటి మలేసియా, తీసుకుపోయాడు. అప్పుడు సారవ్వకు పద్నాలుగేళ్లు. ఆ తర్వాత నలభై ఆరేళ్లు అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏడాదికో ఉత్తరం, అంతే.

సారవ్వ గని పైన బొగ్గులోంచి రాళ్లు ఏరే పని చేసింది. 1974లో రిటైరయింది. ఆమెకు పిల్లలు లేరు, భర్త పోయి పదేళ్లు దాటింది. ఆ ఏడే అక్క దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. మేస్త్రీ కాలం చేశాడు, ఇల్లుంది, తోడు లేదు. చివర ఇలా రాసి ఉంది. "కండ్లు మసక కమ్ముతున్నయి చెల్లె. నీ మొఖం కానరాకుండ పోకముందే రా."

సారవ్వ ఏడవలేదు. "ఎప్పుడు పోవాలె? ఏమేం గావాలె?" అంది.

కావలసింది మరీ ఎక్కువేం కాదు. రిటైరైన మనిషి అక్క దగ్గర ఉండిపోవడానికి ఆ దేశం అనుమతివ్వాలి. దానికీ పాస్‌పోర్టుకీ కలిపి, ఈమె ఫలానా ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటున్నదని తాలూకా కచేరీ నుంచి ఒక కాగితం తేవాలి.

అక్కడే బండి ఇరుక్కుంది. మా బస్తీ ఇళ్లకు నంబర్లు లేవు. ఎవరికి జాగా దొరికితే వాళ్లు తడకలు కట్టి, మట్టి మెత్తి, పైన రేకులేసుకున్న ఇళ్లు అవి. మా అందరికీ ఉత్తరాలు గని పేరు మీదే వచ్చేవి, హాజరు వేసే టైం ఆఫీసులో తీసుకునేవాళ్లం. సారవ్వ రిటైరైన మరుసటి నెల ఆమెకొచ్చిన కార్డు మీద అక్కడి గుమాస్తా "ఇక్కడ లేరు" అని రాసి వెనక్కి పంపబోతుంటే నేనే చూసి ఆపాను. పన్నెండేళ్లు పని చేసిన మనిషి రిజిస్టర్లో ఒక్క గీతతో లేకుండా పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. సారవ్వ మాత్రం "గని అడ్రసు గనికే ఇచ్చిన తియ్యి" అని తేల్చేసింది.

కచేరీలో ఆ కాగితం ఇచ్చేది వామనరావుగారని మంథని మనిషి. లంచం ముట్టడు, రూల్ దాటడు. అలాంటి మనిషితో పని పడటమంత కష్టం మరొకటి లేదు.

"ఇల్లెక్కడ అవ్వా?" అన్నాడు.

"గని గుట్ట ఎనుక సారు. బొగ్గు వాగు దాటి, సారాయి దుకాణం ఎడమకు ఇడిసి, మూడో సందుల రేకులిల్లు."

"అది తొవ్వ చెప్పుడైతది, అడ్రసు గాదు. ఇంటి నంబరు ఉన్నదా? పన్ను రసీదు? ఏదన్న సర్కారు కాగితం?"

మా దగ్గర ఏమీ లేవు. బస్తీలో పదిమందిని తెచ్చి సాక్ష్యం చెప్పిస్తానన్నాను. ఆ పదిమంది అడ్రసులు ఏవని అడిగాడాయన. అందరిదీ ఒకే గుట్ట, ఒకే వాగు, ఒకే సారాయి దుకాణం.

తిరిగొచ్చి ఆమె ట్రంకు పెట్టె అడుగు దాకా వెతికాను. అక్క ఉత్తరాల కట్ట తప్ప మరేం లేదు. నాలుగో రోజు పొద్దున మలేరియా ముత్యం వచ్చాడు. పదిహేను రోజులకోసారి బస్తీ తిరిగి, జ్వరం ఉందా అని అడిగి, ఉంటే వేలు గుచ్చి నెత్తురు తీసుకుని, మాత్రలిచ్చి పోయే సర్కారు మనిషి అతను. వచ్చినట్టు ఇంటి మీద తారీకు వేసి సంతకం చేయాలి. మట్టి గోడ మీద రాస్తే వానకు కారిపోతుంది కనుక మా దగ్గర తలుపు మీద రాసేవాడు. తలుపు మీద రంగుతో ఒక గడుల అచ్చు గుద్దేవాళ్లు, పక్షానికో గడి చొప్పున ఊదా రంగు కాపీయింగ్ పెన్సిలుతో తారీకులు పడేవి.

అందరం పండక్కి తలుపులు కడిగో తారు పూసో ఆ రాతలు చెరిపేసేవాళ్లం. సారవ్వ చెరపలేదు. అది సర్కారు రాత, చెరిపితే జుర్మానా వేస్తారని ఆమె నమ్మకం. కాదని ఎంత చెప్పినా వినేది కాదు. పాత అచ్చు నిండితే పక్కనే కొత్తది కొట్టించుకునేది. ఆ తలుపును చూసి బస్తీ అంతా నవ్వేది, నేనూ నవ్వాను.

ఆ రోజు ముత్యం పెన్సిలు తీసేసరికి ఆమె విసుక్కుంది. "రాయి, రాయి. ఎన్నేండ్లు రాస్తే ఏం ఫాయిద? నేనీడ ఉంటున్ననని ఎవలు నమ్ముతున్నరు?"

అని, అలాగే ఆగిపోయింది. తలుపు వంక చూసింది, నా వంక చూసింది.

"రాజం, గిది సర్కారు రాతనే గద?"

చదువొచ్చిన నాకు తట్టనిది, అక్షరం రాని ఆమెకు తట్టింది. సిగ్గేసింది నాకు. అచ్చు పైన చూస్తే మలేరియా వాళ్లు వేసిన ఇంటి నంబరు కూడా ఉంది, 214 అని. తొమ్మిదేళ్లుగా మా కళ్లెదుటే ఉంది.

ఇంకేముంది, తలుపు ఊడదీశాం. దాన్ని బస్సు పైకెక్కిస్తే, ఇది సామానా మనిషా అని కండక్టరు తగువు పెట్టుకున్నాడు. "సాక్షి" అంది సారవ్వ. సంగతి విని కండక్టరు దానికి టికెట్టు కొట్టలేదు.

వామనరావుగారు బల్ల ముందు నిలబెట్టిన తలుపును పైనుంచి కింది దాకా చూశాడు. "తలుపు ఎక్కడిదైనా కావచ్చు గద" అన్నాడు. మలేరియా ఆఫీసు అదే ఆవరణలో ఉంది. రిజిస్టరు తీసుకుని ముత్యాన్ని రమ్మని కబురు పంపాడు. తను రిజిస్టర్లోంచి తారీకు చదువుతాడట, నేను తలుపు మీద చూపించాలట.

"పదారు, ఎనిమిది, అరవై ఏడు." ఉంది. "రెండు, రెండు, డెబ్బై." ఉంది. కచేరీలో పనులు ఆగిపోయాయి. ఎనిమిది తారీకులు వరసగా కలిశాయి.

"పద్దెనిమిది, ఐదు, డెబ్బై ఒకటి."

లేదు. ఆ గడి ఖాళీగా ఉంది. మళ్లీ వెతికాను. లేదు.

వామనరావుగారు కళ్లద్దాలు తీశాడు. "రిజిస్టర్ల ఉన్నది, తలుపు మీద లేదు. ఇదెట్ల అవ్వా?"

సారవ్వకు ఏ రోజు ఎవరింట్లో ఏ కూర వండారో కూడా గుర్తుంటుంది. ఆ పక్షం ముత్యం రాలేదని ఆమెకు తెలుసు, ఎందుకు రాలేదో కూడా తెలుసు. నోరు విప్పితే చాలు, ఆమె పని నెరవేరుతుంది, ముత్యం ఉద్యోగం ఊడుతుంది. నన్నూ ఏమీ అననివ్వకుండా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"యాదికి లేదు సారు" అంది.

బస్తీలో ఎవరినీ ఒక మాటైనా అనకుండా వదలని మనిషి, అక్క మొహం చూసే దారి మూసుకుపోతున్నా ఆ ఒక్క మాట అనలేదు. వామనరావుగారు రిజిస్టరు మూయబోయాడు.

"నేను పోలే సారు" అన్నాడు ముత్యం. తల వంచుకునే ఉన్నాడు. "ఆ పక్షం మా నాయిన దవాఖానల ఉండె. ఆడ కూసుండి రిజిస్టరు నింపిన. తలుపు మీద రాయాలంటే ఇంటికి పోవాలె గద. తప్పు నాది. అవ్వ తలుపుల తప్పు లేదు."

వామనరావుగారు ముత్యాన్ని చూశాడు, సారవ్వను చూశాడు. తర్వాత లేచి వచ్చి, ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టి చూశాడు.

"నీ రిజిస్టరు కన్న ఈమె తలుపే నయం" అన్నాడు. కూర్చుని కలం తీశాడు. "ఈ రిజిస్టరు నేను ఇంటి నంబరు కోసమే చూసిన, ముత్యం. ఇంకేం చూడలే. ఇగ నుంచి మాత్రం తలుపు మీద రాసినంకనే దీంట్ల రాయి."

కాగితం అప్పుడే రాసి ముద్ర వేశాడు. దానిలో ఇంటి నంబరు 214 అనీ, తొమ్మిదేళ్లుగా నివాసం అనీ ఉంది. సారవ్వ దాన్ని కొంగున ముడేసుకుని, ముత్యం దగ్గరికి పోయి, "తలుపు ఓ దిక్కు నువ్వు పట్టు" అంది. అతను ఏడుస్తూనే పట్టాడు. బస్సు దిగి బస్తీలోకి వచ్చేసరికి ఆడవాళ్లు ఎదురొచ్చి తలుపుకు పసుపు పెట్టారు.

పాస్‌పోర్టు రెండు నెలలకు తయారైతే ఆ ఆఫీసుకే వెళ్లి తెచ్చుకున్నాం. మలేసియా అనుమతి వచ్చిన రోజు నేను ఆమె ఇంటి ముందే ఉన్నాను. పోస్టుమాన్ వాగు దాటి, సందులు వెతుక్కుంటూ వచ్చి, తలుపు ముందు ఆగి, "రెండు వందల పద్నాలుగు, సారవ్వ" అని పిలిచాడు. మా బస్తీలో ఒక ఇంటికి ఉత్తరం రావడం అదే మొదలు.

కవరు చింపబోతుంటే ఆపింది. ముందు పైన ఉన్నది చదవమంది. చదివాను. మళ్లీ చదవమంది. మూడోసారి చదివేటప్పుడు, వంతెన దగ్గర అక్కను సాగనంపినప్పటి పద్నాలుగేళ్ల పిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నాకూ కన్నీళ్లాగలేదు.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని నా పక్కన కూర్చుంది. "కలం తియ్యి రాజం. వస్తున్న అక్కా, మద్రాసుల సముద్రంల పోయే జహాజు ఎక్కుతున్న అని రాయి. పైన అడ్రసు రాసుడు మర్వకు."