గుమ్మంలో ఆగిన సీసా

ఐర్లండులోని డ్రోహెడా ఆసుపత్రిలో ఇందుమతి సిస్టర్‌కి ఓపిక ఎక్కువని పేరు. మందులు విసిరికొట్టే ముసలాళ్ళ చేత కూడా నవ్వుతూ మింగిస్తుంది. ఆ ఓపికంతా డ్యూటీలోనే ఖర్చయిపోతుందేమో, ఇంటికొచ్చేసరికి భర్త ప్రసన్న కుమార్ కోసం చిటికెడు కూడా మిగలదు. ఆయన అక్కడి తెలుగు క్రైస్తవ సహవాసంలో సంఘపెద్ద. ఇంట్లో కూడా అదే హోదా వెలగబెడతాడు.

ఆ ఆదివారం, కూతురు అబిగేయిల్ ప్రేమించిన మార్కోస్ తన తల్లిని వెంటబెట్టుకుని సంబంధం మాట్లాడటానికి వచ్చాడు. స్పెయిన్‌లో వాళ్ళకి తాతల నాటి ద్రాక్షతోట ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి రెడ్ వైన్ చేసి అమ్ముతారు. కొడుకు పుట్టిన ఏడాది చేసిన సీసాని ఆ తల్లి పిలార్ చంటిపిల్లలా పొదివి పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"సారీ అండీ, మద్యం మా గడప దాటదు. కార్లో పెట్టి రండి," అన్నాడు ప్రసన్న కుమార్ ఇంగ్లీషులో, వాక్యం వల్లించినట్టు.

మార్కోస్ ఆ మాట తల్లికి చెప్పలేక చెప్పాడు. ఆమె మొహం మాడిపోయింది. సీసా కార్లో పెట్టలేదు, అలాగని లోపలికీ రాలేదు.

"డాడ్, ప్లీజ్!" అంది అబిగేయిల్, కళ్ళనీళ్ళతో.

ఇందుమతికి ఒళ్ళు మండిపోయింది. బిర్యానీ చల్లారిపోతోంది, పిల్ల పెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయేట్టుంది, ఈ మనిషికేమో భక్తి ఇప్పుడే ముంచుకొచ్చింది! మొగుణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"ఏమండీ, క్రిస్మస్‌కి నేను చేసే ప్లమ్ కేకు ఎన్ని ముక్కలు తింటారు?"

"ఇప్పుడా గోలెందుకే?"

ఆమె అల్మారా తలుపు తీసి, బియ్యం బస్తా వెనక నుంచి గాజు జాడీ తెచ్చి, ఆయన ముక్కు కిందే మూత తీసింది. నల్లగా ఉబ్బిన ఎండుద్రాక్షలు. వాసన గుప్పుమంది.

"ఇది... గ్రేప్ జ్యూసు కదా?"

"రెడ్ వైనండీ! మన పెళ్ళయినకాడ్నుంచీ దీన్లోనే నానబెడుతున్నా. మా అమ్మా అంతే. మీ పాస్టరుగారు పొట్లం కట్టించుకుని మరీ తీసుకెళ్ళేవారు. ఎవరి గడప కూలిందండీ?"

ప్రసన్న కుమార్ జాడీలోకి తొంగిచూశాడు. ఇందుమతి అదే విసురులో జాడీ పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచి, "ఇది మా కేకులోకి," అంది మార్కోస్‌తో. పిలార్ వంగి వాసన చూసింది. ఆమె మొహం విప్పారింది. కొడుకుతో గబగబా ఏదో అంది.

"మా వైన్ పెళ్ళి కేకులో పోస్తారా అని అడుగుతోంది అమ్మ," అన్నాడు మార్కోస్ ఇంగ్లీషులో.

అందరూ వెనకే వచ్చి నిలబడ్డ ప్రసన్న కుమార్ వైపు చూశారు. ఆయన సీసా వంక చూశాడు, కూతురి మొహం చూశాడు, గొంతు సవరించుకుని పెళ్ళాం వైపు తిరిగాడు.

"మన సంఘం వాళ్ళే రెండొందల మంది అవుతారు. ఒక్క సీసా ఏ మూలకొస్తుందే?"