బుధవారం క్లాసుకు రెండు సీసాలు

జయశీల మేడమ్ కెమిస్ట్రీ చెప్పేవారు, నేను తెలుగు చెప్పేవాణ్ణి. సంగారెడ్డిలో ఇద్దరిదీ ఒకే డిగ్రీ కాలేజీ, ఒకే స్టాఫ్‌రూమ్, పక్కపక్క కుర్చీలు. పద్దెనిమిదేళ్లు ఆవిడ టిఫిన్ డబ్బాలోని చింతకాయ తొక్కు తిన్న విశ్వాసంతో చెబుతున్నాను, ఆవిడంత మొండి మనిషిని నేను చూడలేదు. హత్నూర దగ్గరి పల్లెలో బడిపంతులుగా చేసిన పౌలు గారి కూతురు. దయతో అరమార్కు కూడా వేసేవారు కాదు. ఎవరైనా బతిమాలితే, దయ చర్చిలో, కొలత ల్యాబులో అనేవారు.

2007లో ఏదో శిక్షణకని హైదరాబాద్ వెళ్లి, అక్కడ పరిచయమైన మారైకే అనే హాలండ్ టీచరుతో ఒక ఒప్పందం చేసుకొచ్చారు. వాళ్ల విద్యార్థులు తమ కాలువల నీళ్లు పరీక్షించాలి, మన విద్యార్థులు మన బోర్ల నీళ్లు. రెండు వారాలకోసారి బుధవారం మధ్యాహ్నం రెండు క్లాసులూ కంప్యూటర్‌లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి. చివరికి అందరూ కలిసి ఒకే నివేదిక రాసి రెండు కాలేజీల వెబ్‌సైట్లలోనూ పెట్టాలి. దూరపు కొండలు నునుపు మేడమ్ అని నవ్వాను. పూటకోసారి కరెంటు పోయే కాలేజీకి హాలండ్‌తో వియ్యమా అని కూడా అన్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

మొదటి బుధవారం వాళ్లకు గంటసేపు మా సీలింగ్ ఫ్యానే కనిపించిందట. రెండోసారి కరెంటు పోయింది. మూడోసారికి ఒకరి ఇంగ్లీషు ఒకరికి అర్థమై నవ్వుకోవడం మొదలైంది. పటాన్‌చెరు వైపు నుంచి బస్సుల్లో వేలాడుతూ ఆలస్యంగా వచ్చే పిల్లలు బుధవారం మాత్రం తలలు నున్నగా దువ్వుకుని ముందే దిగేవారు. నా క్లాసుకు ఎన్నడూ అలా రాలేదు. కొంచెం కుళ్లుకున్నాను, దాచడమెందుకు.

నీళ్ల కోసం గుమ్మడిదల దగ్గర ఒక పల్లెను ఎంచుకున్నారు. ఫైనలియర్ చదివే కౌసల్యది ఆ ఊరే. చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. బోరు నీళ్లు పాడయ్యాయని ఊరివాళ్లు ఏళ్లుగా అర్జీలు పెడుతున్నారు. నీళ్లు కొలిచిన కాగితం ఏదని అధికారులు అడిగితే చూపించడానికి ఏమీ లేక తిరిగి వస్తున్నారు. ఈ నివేదికైనా ఆ కాగితం అవుతుందని వాళ్ల ఆశ, మేడమ్ ఆశ కూడా.

పిల్లలు ఆరిళ్ల నుంచి ఆరు సీసాలు తెచ్చారు. నీళ్లలో కరిగిన ఉప్పులెంతో చెప్పే చిన్న మీటరు ముంచితే అరవై ఒకటి, అరవై మూడు, అరవై రెండు. ఆరూ అంతే. మీ బోర్లు మా కాలువల కన్నా శుభ్రమని తెర మీద హాలండ్ పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. మేడమ్ మాత్రం ఆ అంకెలు కాగితం మీద రాసుకుని స్టాఫ్‌రూమ్‌లో వాటినే చూస్తూ కూర్చున్నారు. ఆరు చోట్ల, ఆరు లోతుల్లో ఉన్న బోర్లు ఒకే మాట చెబుతాయా అని నన్నడిగారు. నాకేం తెలుసు?

కౌసల్యను పిలిచి అడిగితే తలొంచుకుని చెప్పింది. ఊళ్లో ఆడవాళ్లు వీళ్లకు మంచాలు వేసి, చాయ్ ఇచ్చి, ఎండలో బోరు దగ్గరికి మీరెందుకని సీసాలు తీసుకుని లోపలికి వెళ్లారు. ఇంటికొచ్చిన వాళ్లను నీళ్ల దగ్గరికి పంపడం ఆ ఊళ్లో లేదు. నీళ్లే వాళ్ల దగ్గరికి రావాలి. అలా వచ్చినవి పటాన్‌చెరు నుంచి ఆటోలో తెప్పించుకుని పొదుపుగా తాగే డబ్బా నీళ్లు.

"మా నాయనమ్మ డబ్బా వంచుతుంటె సూసిన మేడమ్. అందరి ముందర ఆమెను ఎట్ల ఆపాలె?" అంది కౌసల్య.

ప్రిన్సిపాల్ గారు వదిలేయమన్నారు. వచ్చే నెల కాలేజీకి గ్రేడింగ్ కమిటీ వస్తోంది. విదేశీయుల ముందు తప్పు కొలిచామంటే పరువేం కావాలి? ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నమాట. రెండు వారాల్లో చివరి బుధవారం, ఆ శుక్రవారమే నివేదిక వెబ్‌సైట్‌కెక్కుతుంది. ఎక్కిందంటే ఊరివాళ్ల అర్జీకి మంగళం పాడినట్టే.

మర్నాడు మేడమ్ నన్ను కూడా బస్సెక్కించారు. కౌసల్య నాయనమ్మ రాజవ్వ, మేం కూర్చోగానే చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. మేడమ్ తాగి, ఖాళీ సీసా తీసి, బోరు నీళ్లు కావాలన్నారు. రాజవ్వ ముఖం మాడిపోయింది.

"ఇంటికొచ్చినోళ్లకు గా నీళ్లు ఏ మొఖంతోని ఇయ్యాలె బిడ్డా? ఫారినోళ్లు సూస్తరంటిరి. మా బతుకు గిట్లుందని వాళ్లకు తెల్వాల్నా?"

"తెల్వాలె అవ్వా. తెల్వకుంటె మీరు మంచిగున్నరని రాస్తరు" అన్నారు మేడమ్.

రాజవ్వ ఖాళీ చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. బోరు పది అడుగుల దూరంలో ఉంది, సీసా మేడమ్ చేతిలో ఉంది. ఆ ముసలమ్మ ఒప్పుకోకుండా పట్టుకోవడానికి ఆవిడకు మనసు రాలేదు. అంత మొండి మనిషి ఖాళీ సీసాతో తిరిగి రావడం చూసి నాకు బాధేసింది. బస్సులో ఒక్క మాట కూడా ఎగతాళి చేయలేకపోయాను.

చివరి బుధవారం నేనూ వెళ్లి వెనక కూర్చున్నాను. మేడమ్ కెమెరా ముందు నిలబడి, మేం పంపిన అంకెలు తప్పు, అవి బోరు నీళ్లవి కావు, నేను దగ్గరుండి చూసుకోలేదు, పిల్లల తప్పేం లేదు అని ఇంగ్లీషులో చెప్పారు. సరైన అంకె మా దగ్గర లేదు కాబట్టి మా భాగం ఖాళీగా వదిలేయమన్నారు. ప్రిన్సిపాల్ గారు లేచి బయటికి వెళ్లబోయి గుమ్మంలో ఆగిపోయారు. అక్కడ రాజవ్వ నిలబడి ఉంది, భుజాన సంచితో, చెప్పులు చేత్తో పట్టుకుని. తక్కిన ఐదిళ్లవాళ్లు కూడా ఇస్తామన్నారని చెబుతూ లోపలికొచ్చి, సంచిలోంచి ఒక సీసా తీసి కెమెరా ముందు పెట్టింది.

"ఇవి సూస్తందుకు."

కౌసల్య మీటరు ముంచింది. రెండు వేల మూడు వందల పది. ఆ అంకెను ఇంగ్లీషులో రెండుసార్లు చదివింది. అటువైపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

రాజవ్వ సంచిలోంచి రెండో సీసా, డబ్బా నీళ్లది, తీసి మేడమ్‌కు అందించింది. "ఇవి తాగుతందుకు. వాళ్లకియ్యి."

కౌసల్య ఆ మాటను ఇంగ్లీషులో చెప్పగానే తెర మీద మారైకే లేచి నిలబడింది, ఆమె వెనకే పిల్లలందరూ. కంప్యూటర్ గదిలోకి నీళ్లు తేకూడదని గోడ మీద కాగితం అంటించింది మేడమే. ఆ కాగితం కిందే నిలబడి, తెర వైపు తిరిగి, అటున్న ఇరవై మంది తరఫునా ఆ నీళ్లు చుక్క మిగల్చకుండా తాగారు. నా కళ్లు తడిశాయి.

రాజవ్వ ఖాళీ సీసా తీసుకుని సంచిలో పెట్టుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇగ రాసుకోండ్రి" అంది.