షిల్కా పలక మీద నేను రాయనన్న మాట

మూడేళ్ల కిందటి సెప్టెంబరులో నన్ను గద్వాలకు వేశారు. హోదా ప్రదర్శనశాలల పర్యవేక్షకురాలు. పరిధి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు. వినడానికి పెద్ద కొలువే. చేతికింద ఒక అటెండరు, ఒక జీపు. ఆ జీపు అచ్చంపేట దాకా పోతే తిరిగొస్తుందన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. విగ్రహాలు, శాసనాలు, పాత కత్తులు చూసుకోవడం నా పని. నిరుడు స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఈ పని లోపల ఎట్లా నడుస్తుందని అడిగేవారికి నేను శాసనాల సంగతి చెప్పను, ఒక యుద్ధశకటం సంగతి చెబుతాను.

సైన్యం వాడి పక్కన పెట్టిన వాహనాలను ప్రదర్శన కోసం ఊళ్లకు ఇస్తుంటుంది. గద్వాలలో ఒక పౌరుల కమిటీ అర్జీ పెట్టుకుని అట్లా ఒక షిల్కాను సంపాదించింది. షిల్కా అంటే గొలుసు చక్రాల మీద నడిచే ఉక్కు బండి. పైన తిరిగే గోపురం, దానికి నాలుగు గొట్టాలు, వెనక రాడారు పళ్లెం. విమానాలను కూల్చడానికి చేసింది. నడిపేవాళ్లు, కాల్చేవాళ్లు అందరూ ఉక్కు గోడల లోపలే కూర్చుంటారు.

ఇట్లాంటిది వచ్చినప్పుడు మొదట స్థితి నివేదిక రాస్తాం: తుప్పు ఎక్కడుంది, పగులు ఎక్కడుంది, కాల్చే యంత్రాంగం పూర్తిగా తీసేశారా లేదా. ఆ తరవాత పక్కన నిలబెట్టే పరిచయ పలక. పలక మీద ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలన్నది మా విభాగం పట్టు. నా పట్టు అంతకంటే ఎక్కువ, అందుకే నన్ను ఏ ఊళ్లోనూ ఎక్కువ కాలం ఉంచలేదు.

కమిటీ వాళ్లు పలక మీది మాటలు ముందే రాసి పంపారు: ‘డెబ్బై ఒకటి యుద్ధంలో పోరాడిన శకటం’.

టార్చిలైటు పట్టుకుని బండిలోకి దిగాను. కింది గుల్లకూ పై గోపురానికీ వేరువేరుగా, తయారైన ఏడాది చెక్కిన రేకులుంటాయి. మరమ్మతుల్లో ఇంజను మారిపోతుంది కనక దాని ఏడాదిని మేం లెక్కలోకి తీసుకోం. గుల్ల, గోపురం రెండూ ఒకే మాట చెప్పాయి: తయారైంది ఆ యుద్ధం ముగిసిన చాలా ఏళ్లకు. అసలు ఆ రకం బండ్లు ఆ యుద్ధంలో ఉన్నాయా లేవా అని తెలిసినవాళ్లు తెల్లవార్లూ వాదించుకోవచ్చు. ఈ బండి మాత్రం అప్పటికి పుట్టలేదు. ‘ఇది ఆ యుద్ధంలో లేదు’ అని పలక ముసాయిదా రాసి కమిటీకి పంపాను.

మర్నాడే కమిటీ అధ్యక్షుడు నాగప్ప సేటు దిగాడు. ఆయనది చీరల వ్యాపారం. పదిమంది నేతగాళ్లు ఆయన నూలు మీదే నేస్తారు.

“మేడం, జర ఒక్క మాట రాస్తే మీ సొమ్మేం బోతది?”

“నీ దుకాణంలో పాలిస్టరు చీరకు పట్టుచీర చీటీ కడతావా సేటూ?” అన్నాను.

“రామ రామ! గదేం మాట?”

“నువ్వు నన్ను కట్టమంటున్నది అదే.”

సేటు ఇక అసలు సంగతి బయటపెట్టాడు. ఊళ్లో ఈరన్న అని ఒక పెద్దాయన ఉన్నాడు, సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో ఇట్లాంటి బండిలోనే కూర్చుని విమానాల మీద కాల్చాడని ఊరు ఊరంతా నమ్ముతుంది. బండి కోసం అర్జీ పెట్టింది కూడా ఆయన కోసమే. “ఇయ్యాల మీరు అది లేదని రాస్తే, ఇన్నేండ్ల సంది ముసలాయన అబద్దం చెప్పిండని పోరగాండ్లు ఎగతాళి చేస్తరు. ఆయనకు డెబ్బై దాటినయి మేడం. గీ వయసుల ఆయన ఇజ్జత్ తీస్తమా?” అన్నాడు.

పైగా ఇంకొకటి. ఆవిష్కరణ రోజు నాలుగు గొట్టాల మీద కప్పడానికి గద్వాల నేతలో ఒక గుడ్డ నేయిస్తున్నారు. ఒళ్లంతా నూలు, కొంగు పట్టు. ఆ కొంగులో జరీ అక్షరాలతో అదే వాక్యం. మగ్గం మీద ఉన్నది ఈరన్న తమ్ముడు తిమ్మప్ప ఇంట్లోనే.

అబద్ధం రాయనని అప్పుడూ అన్నాను. కానీ ఒక మనిషి పరువు నా వాక్యం కింద నలిగిపోతుందంటే ఊరుకోలేను గదా. ఆయన్నే నేరుగా అడుగుదామన్నాను. సేటు ససేమిరా అన్నాడు. ఆవిష్కరణ రోజున ఆశ్చర్యపరచాలని ఈరన్నకు బండి మోడల్ కూడా చెప్పలేదట. వద్దంటే ఆగే మనిషిని కాదు నేను. జీపు పంపి అన్నదమ్ములిద్దరినీ పిలిపించాను.

ఈరన్న సన్నగా, నిటారుగా ఉన్నాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. గొట్టాల కింద ఆగి తల పైకెత్తి చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు.

“గిదేంది నాగప్పా?”

“నీ బండే మామా! నువ్వు లడాయిల కూసున్నది గిసుంటి దాంట్లనే గద!”

“నేనా? గీ ఇనుప పెట్టెలనా?” పెద్దాయన నవ్వు ఆగింది. “ఎవడు చెప్పిండు నీకు?”

“ఎవరో ఎందుకు? ప్రతి పంద్రాగస్టుకు ఊరేగింపుల ట్రాక్టరు మీద ట్యాంకుల కూసొని చెయ్యి ఊపుతవు గద!”

“వారీ! అది ఇస్కూలోళ్లు అట్టతోని చేసిన ట్యాంకురా! ఎండ కొడ్తుంటది, లోపల నీడ ఉంటదని కూసున్న!”

తిమ్మప్ప నవ్వు ఆపుకోలేక షిల్కా గొలుసు పట్టుకుని వంగిపోయాడు. ఏళ్ల తరబడి ఆ అట్ట ట్యాంకును చూసి చూసి, ఊరు దాన్నే ఆయన యుద్ధంగా ఖాయం చేసుకుంది. ఆయన ఎన్నడూ అట్లా చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు.

అడిగితే చెప్పింది ఇది. ఆయన పనిచేసింది లారీకి తగిలించి లాగే విమాన విధ్వంసక గన్ను మీద. తూటాల క్లిప్పులు పైనుంచి అందించే లోడరు పని. గన్ను చుట్టూ ఇసుక మూటలు, పైన ఏమీ లేదు. విమానం వాలి వస్తుంటే మిగతా సైన్యం కందకాల్లోకి దూకుతుంది. గన్ను వాళ్లు మాత్రం నిలబడాలి, ఎందుకంటే వాళ్ల పని అప్పుడే మొదలవుతుంది.

“గిండ్ల కూసొని కొట్టిన అంటే, అండ్ల నేను చేసిందేమున్నది నాగప్పా? మాకు నెత్తి మీద టోపీ, దాని మీద ఆకాశం. గంతే. ఆ సంగతి ఇడిసిపెట్టి నన్ను డబ్బల కూసోబెడ్తవా?”

సేటు ముసలాయన మర్యాద కాపాడుతున్నాననుకుని, ఆయన నెత్తిన లేని ఉక్కు కప్పు పెట్టాడు. దాంతో ఆయన చేసింది సగమైంది. నాకు సంతోషంతో గట్టిగా నవ్వొచ్చింది. లేదు అని నేను రాసిన వాక్యం ఆయన్ను తగ్గించేది కాదు, పెంచేది.

అయినా పద్ధతి పద్ధతే. ఈరన్న పేరు పలక మీదికి ఎక్కాలంటే ఆయన సైన్యం కాగితాలు చూపించాలన్నాను.

“అమ్మో, మిలిట్రీ పోలీసోళ్ల కంటె ఈ మేడం జాస్తి ఉన్నది,” అంటూనే మధ్యాహ్నానికల్లా తెచ్చి ఇచ్చాడు. చూశాను. అన్నీ సరిపోయాయి.

మిగిలింది గుడ్డ. నేసిందంతా ఊడదీయాలా అని సేటు తల పట్టుకున్నాడు. అందరం తిమ్మప్ప ఇంటికి పోయాం. గద్వాల చీరకు ఒంట్లో పడుగు, అంటే నిలువు పోగులు, నూలువి, కొంగులో పట్టువి; రెండింటినీ పోగుకు పోగు చేత్తో మెలిపెట్టి అతికాకే కొంగు నేత మొదలవుతుంది. ఆ పనంతా అయిపోయి, అక్షరాలు రెండు వరసలు పడ్డాయి: ‘డెబ్బై ఒకటి యుద్ధంలో’, దాని తరవాత ‘పోరాడిన’. ‘శకటం’ ఇంకా పడలేదు.

“ఎందుకు పరేషాన్ అయితవు సేటూ? నేసిందాంట్ల తప్పేమన్న ఉన్నదా?” అన్నాడు తిమ్మప్ప. “ఆఖరి వరస ఏం పెట్టాల్నో చెప్పుండ్రి.”

సేటు వెంటనే ఈరన్న అని పెట్టమన్నాడు. ఈరన్న ఒప్పుకోలేదు. గన్ను ఒక్కడు నడిపేది కాదు, తన పక్కన ఉన్నోళ్లు ఏ ఊరోళ్లో ఏమో, వాళ్లను వదిలేసి తన పేరొక్కటే పెడితే ఆ గుడ్డ ముట్టనన్నాడు. సేటు బతిమాలాడు, అలిగాడు, నూలు తనదని కూడా గుర్తు చేశాడు. నేను ఎవరి పక్షమూ వహించకుండా ఇద్దరితోనూ వాదించాను. ఆ గోల పడలేక తిమ్మప్పే తేల్చాడు. చివరి వరసలో ‘మనోళ్లకు’ అని నేశాడు.

ఆవిష్కరణ రోజు ఆ గుడ్డ లాగింది ఈరన్నే. పలక చదివింది నేను: “ఈ శకటం డెబ్బై ఒకటి యుద్ధం తరవాత తయారైంది, ఆ యుద్ధంలో లేదు. ఈ ఊరి హవల్దారు ఈరన్న ఆ యుద్ధంలో లారీ లాగే గన్ను దగ్గర, పైకప్పు లేకుండా నిలబడి పనిచేశారు.” రెండో వాక్యం దగ్గర చప్పట్లు ఎంతకీ ఆగలేదు. ఆ రోజు పోరగాండ్లు షిల్కా ఎక్కడం మానేసి పెద్దాయన చుట్టూ మూగారు. క్లిప్పు ఎట్లా అందిస్తారో ఆయన చేతులతో చేసి చూపిస్తుంటే సేటు అందరికంటే ముందు నిలబడి, ఇదంతా తనకు ముందే తెలిసినట్టు వివరిస్తున్నాడు.

ఆ తరవాత నా పద్ధతిలో ఒకటే మార్పు చేశాను. కొత్త వస్తువు వస్తే స్థితి నివేదిక కంటే ముందు, అట్లాంటిది వాడిన మనిషి చుట్టుపక్కల బతికి ఉన్నాడా అని కనుక్కునేదాన్ని. ఒక వస్తువు ఫలానా చోట లేదని రాయడం మా పనిలో సగమే. దాని బదులు అక్కడ ఏముందో, ఎవరున్నారో రాస్తేనే పలక పూర్తయినట్టు.