రేకులు తీసే చేతులు

2006లో నేను అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో కన్సల్టెంటుగా చేరాను. విభాగమంటే నాలుగు మంచాలు, ఒక ఫ్రిజ్, ఇద్దరు సిస్టర్లు. కీమో కోసం కాకినాడ బస్సెక్కే బాధ తప్పినందుకు జనం సంతోషించారు. వాళ్లకంటే ఎక్కువ నేనే సంతోషించాను.

ఆ ఏడే మా దగ్గరికి నానో మందు వచ్చింది. నిజానికి మందు పాతదే. గుండెను దెబ్బతీస్తుందని దానికి పేరు. కొత్తదల్లా దాని చుట్టూ ఉన్న సన్నని కొవ్వు పొర. కంటికి ఆనని ఆ రేణువులు మామూలు రక్తనాళాల గోడలు సులువుగా దాటలేవు. కణితిలో హడావిడిగా పుట్టిన నాళాలకు సందులెక్కువ కాబట్టి అక్కడ బయటికి జారి, మందును కణితి లోపల వదులుతాయి. దీన్ని సెలైన్‌లో కలపకూడదు, చక్కెర నీళ్లలాంటి డెక్స్‌ట్రోస్‌లోనే కలపాలి. చల్లగా ఉంచాలి గానీ గడ్డకట్టనివ్వకూడదు. కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు.

మొదట ఎక్కించింది ఆత్రేయపురం సత్యవతిగారికి. ఆవిడకు అండాశయ క్యాన్సర్ తిరగబెట్టింది. గుండె బలహీనం కనుక పాత మందు ఇవ్వలేం. మిగిలిన దారి ఇదొక్కటే. రెండో విడతకే పొట్ట ఉబ్బు తగ్గి ఆకలి పుట్టింది. మూడో విడతకు వచ్చేసరికి అరచేతులు, వేళ్ల కొసలు ఎర్రగా కంది పొక్కుతున్నాయి. ఈ మందు అరచేతుల్లోకీ అరికాళ్లలోకీ చేరుతుంది. వేడి, ఒరిపిడి తగిలితే మరీను. ముదిరితే ఆపేయక తప్పదు. అరికాళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. అదే నాకు అంతుపట్టలేదు.

వేడి తగలనివ్వొద్దని చెప్పాం కదా అన్నాను.

"ఆయ్, చెప్పేరండి. వంటంతా కోడలే చేత్తందండి," అన్నారు. మరి పగలంతా ఏం చేస్తున్నారని అడిగితే, "ఒంట్లో ఓపికొచ్చింది కదండీ, పూతరేకులు తీత్తన్నానండి," అన్నారు.

కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దాని మీద వేసి లాగుతారు. క్షణంలో ఆరిన పొరను వేళ్లతో లేవదీస్తారు. అదీ వేడే కదమ్మా అన్నాను.

"కుండని ముట్టుకోనండి. తడిగుడ్డే కదండీ పట్టుకునేది," అన్నారావిడ. చిన్నప్పటి నుంచీ చేస్తున్న పని. దాన్ని ఎవరూ వేడిపని అనుకోరు. చేతులు వెనక్కి తీసుకుని, "మందాపేత్తారాండి?" అని మెల్లగా అడిగారు.

మీరు రేకులు ఆపితే నేను మందు ఆపను అన్నాను.

"అయితే కోడలు తీత్తదండి. నేను కుర్చీలో కూచుని వంకలు పెడతానండి," అన్నారు.

విడత కొన్నాళ్లు వాయిదా వేసి, మోతాదు తగ్గించాను. చేతులు మానాయి. మందు సాగింది, స్కానులో కణితి సగానికి సగం తగ్గింది. కోడలికి ఆ వంకలు చాలాకాలం తప్పలేదని విన్నాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఈ మందు ఎక్కించే ముందు ఎవరికీ "వేడి తగలనివ్వకండి" అని చెప్పి ఊరుకోలేదు. పొద్దున లేచింది మొదలు ఏమేం పనులు చేస్తారో చెప్పించుకునేవాణ్ణి. ఏ పని మానాలో విన్నాక చెప్పేవాణ్ణి. రేణువుకు దారి చూపే పని మందు తయారుచేసినవాళ్లు చూసుకుంటారు. మనిషి చేతులు రోజంతా ఎక్కడుంటాయో తెలుసుకోవడం మాత్రం డాక్టరు పని.